రోజూ ఇంగ్లీష్ - 14వ పాఠం: స్టార్ట్ ఓవర్

పోయిన పాఠంలో 'గివ్ అప్' అంటే వదిలేయడం అని చూశాం. వదిలేయకుండా, మొదటి నుంచి మళ్లీ పట్టుకుంటే? అదే 'స్టార్ట్ ఓవర్'.

'ఓవర్' అనగానే మనకు అయిపోవడమే గుర్తొస్తుంది. ఇక్కడ ఆ అర్థం లేదు, 'ఇంకోసారి' అని.

అసలు చిక్కంతా మన 'మళ్లీ మొదలుపెట్టాం'తోనే. ఈ ఒక్క మాటను రెండు రకాల పనులకు వాడేస్తాం. నల్లగొండ పక్క పత్తి చేను తీసుకోండి. కలుపు తీస్తుంటే వాన పడింది. చెట్టు కిందికి పోయి, తెరిపిచ్చాక ఆగిన సాలులోనే దిగాం. ఇది స్టార్ట్ ఓవర్ కాదు, 'రెజ్యూమ్'. అదే గింజలు పెట్టాక వాన మొహం చాటేసి, మొలకలే రాలేదనుకోండి. మళ్లీ దున్నాలి, మళ్లీ గింజలు కొనాలి. "ది సీడ్స్ డిడ్ నాట్ స్ప్రౌట్, సో వి స్టార్టెడ్ ఓవర్." ముందు పడిన కష్టం లెక్కలోకి రాకుండా పోతేనే ఈ మాట.

'కథ మళ్లీ మొదటికొచ్చింది' అంటామే, దానికి ఇది వాడకండి. అది మన ప్రమేయం లేకుండా జరిగేది. స్టార్ట్ ఓవర్ మనం పూనుకొని చేసేది.

'ఇట్' వస్తే మధ్యలో పెట్టాలి: "స్టార్ట్ ఇట్ ఓవర్." 'స్టార్ట్ ఓవర్ ఇట్' తప్పు. ఇది ఎక్కువగా అమెరికా వాడుక. బ్రిటన్‌లో 'స్టార్ట్ అగైన్' అంటారు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇంటర్వ్యూలో దీని వాడకం. పోయిన నెల దేవరకొండ నుంచి వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయి మాక్ ఇంటర్వ్యూలో రెండో వాక్యానికే ఆగిపోయింది. టెన్షన్‌తో చున్నీ కొస నలిపేస్తోంది. "సారీ సర్, కెన్ ఐ స్టార్ట్ ఓవర్?" అని అడగమ్మా అన్నాను. అడిగింది. ఊపిరి తీసుకొని తన పేరు దగ్గర నుంచి చెప్పింది. ఈసారి చివరిదాకా చెప్పింది. అలా అడగడం తప్పు కాదు, మర్యాదే. పదిసార్లు పైకి అని నోటికి అలవాటు చేసుకోండి.

ఇక మీ వంతు. వీటిలో ఏది స్టార్ట్ ఓవర్, ఏది రెజ్యూమ్?

సాగర్ దారిలో టైరు పంచరైతే వేయించుకొని బయల్దేరాం.
అప్లికేషన్ మీద చాయ్ ఒలికితే కొత్త ఫారం తీసుకొని రాశాను.
ముంబయి పని వదిలి పాలమూరు వచ్చి, కొత్తగా బతుకు మొదలుపెట్టాడు.

మూడూ ఇంగ్లీషులో రాసి ఉంచండి. 15వ పాఠం వీటి జవాబులతోనే మొదలవుతుంది.