గ్యాస్ గోలీ అడిగే ముందు: ఎప్పుడు వస్తోందో చూసుకోండి

దిల్‌సుఖ్‌నగర్‌లో మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడి పద్దెనిమిదేళ్లయింది. ఫార్మసిస్టుగా నేను రోజూ అన్నిటికంటే ఎక్కువగా వినే మాట "అన్నా, ఒక గ్యాస్ గోలీ ఇవ్వు". ఛాతీలో మంట వచ్చినా గ్యాసే, పొట్ట ఉబ్బినా గ్యాసే, మోషన్ కాకపోయినా గ్యాసే, ఆఖరికి వీపు పట్టేసినా గ్యాసే. పేరు ఒకటే కాబట్టి మందు కూడా ఒకటే అనుకుంటారు. కానీ కారణాలు వేరు. ఒకదానికి పనిచేసే గోలీ ఇంకోదానికి దండగ, కొన్నిసార్లు ప్రమాదం కూడా.

అందుకే గోలీ తీసే ముందు ఒక ప్రశ్న అడుగుతాను: ఎప్పుడు వస్తోంది? పడుకున్నాకా, పరగడుపునా, తిన్న గంటకా, ఆఫీసు ఉన్న రోజుల్లోనా? ఆ జవాబుల వరుసలోనే ఇది రాస్తున్నాను. జబ్బు ఏమిటో తేల్చాల్సింది మాత్రం డాక్టరే.

ఛాతీ బరువుగా ఉంది, చెమటలు పడుతున్నాయి

దీన్ని ముందే చెప్పాలి. ఒక డిసెంబరు ఉదయం షాపు తెరవడానికి వెళ్లేసరికి మెట్ల మీద ఒక ఆటో అన్న కూర్చుని ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. "రాత్రి బిర్యానీ తిన్నా, గ్యాస్ పట్టేసింది" అన్నాడు. అంత చలిలోనూ ఆయన చొక్కా తడిసి ముద్దయింది. గోలీ ఇవ్వలేదు, 108కి ఫోన్ చేశాను. ఈసీజీలో గుండెపోటని తేలింది. ఆయన ఇప్పటికీ ఆటో నడుపుతున్నాడు.

ఛాతీ మధ్యలో నొక్కేసినట్టుండి, ఆ నొప్పి ఎడమ చేతికో దవడకో వీపుకో పాకినా, చెమటలు, ఆయాసం, వాంతి వచ్చినట్టు ఉన్నా, మెట్లెక్కితే ఎక్కువై ఆగితే తగ్గినా అది కడుపు సంగతి కాదనే అనుకోండి. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, పెద్దవాళ్లలో నొప్పి పెద్దగా లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండొచ్చు.

ఏం చేయాలి: 108కి ఫోన్ చేయండి. 2005లో మన హైదరాబాద్‌లోనే మొదలైన అంబులెన్స్ సేవ అది. బండి సొంతంగా నడుపుకుంటూ వెళ్లొద్దు. గోలీ వేసుకుని అరగంట చూద్దామని ఆగొద్దు. మొదటి ఈసీజీ మామూలుగా వచ్చినా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయాలా, ట్రోపోనిన్ రక్త పరీక్ష అవసరమా అని అక్కడే అడగండి.

పడుకోగానే గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు

కారణం: ఆహారనాళం కడుపుతో కలిసే చోట కండరంతో చేసిన మూత లాంటిది ఉంటుంది. నిండు కడుపుతో వెల్లకిలా పడుకున్నప్పుడు అది వదులైతే ఆమ్లం పైకి తన్నుకొస్తుంది. ఈ ఊళ్లో మన దినచర్యే దీనికి దారి. మాదాపూర్ నుంచి ట్రాఫిక్ దాటి ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర, భోజనం పదిన్నరకు, పదకొండుకల్లా పక్క మీదికి. రంజాన్ నెలలో అర్ధరాత్రి హలీమ్ తిని వచ్చి పడుకున్నవాళ్లు మర్నాడు వరసగా వస్తారు. పొట్ట పెరగడం, బిగుతు బెల్టు, సిగరెట్, గుట్కా, మద్యం దీన్ని ఇంకా పెంచుతాయి. కొందరికి మంటే ఉండదు. పొడి దగ్గు, పొద్దున లేవగానే గొంతు బొంగురు, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉంటుంది.

ఏం చేయాలి: భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉండాలి. ఇల్లు చేరడం ఆలస్యమవుతుందని తెలిస్తే ఏడింటికే ఆఫీసులో రెండు చపాతీలో ఇడ్లీలో తినేయండి. ఇంటికొచ్చాక కాస్త మజ్జిగన్నం చాలు. మంచం తలవైపు కోళ్ల కింద చెక్కలో ఇటుకలో పెట్టి 6 నుంచి 8 అంగుళాలు ఎత్తు చేయండి. దిండ్లు పేరిస్తే ఆ పని జరగదు, నడుము దగ్గర మడతపడి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎడమవైపు తిరిగి పడుకుంటే ఆమ్లం పైకి రావడం తగ్గుతుంది. కారం, టీ, వేపుళ్లు అన్నీ ఒకేసారి మానేయక్కర్లేదు. మీకు ఏది పడడం లేదో గమనించి దాన్ని తగ్గించండి.

గోలీ గురించి నేను రోజూ చెప్పే మాట ఇక్కడా చెప్తాను. ఆమ్లం ఊరడాన్ని తగ్గించే ప్యాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి మంట మొదలయ్యాక వేసుకునేవి కావు. పొద్దున టిఫినుకు అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. ఆమ్లం తయారుచేసే కణాలు తిండికి మేలుకునే వేళకు మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. తిన్నాక వేసుకుంటే సగం ఫలితమే. అప్పటికప్పుడు వచ్చిన మంటకు యాంటాసిడ్ సిరప్ నయం. రెండు వారాలు వాడినా తగ్గకపోతే మళ్లీ మా దగ్గరికి రాకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ముద్ద గొంతు దిగకుండా అడ్డుపడుతుంటే అసలు ఆగొద్దు, ఎండోస్కోపీ (సన్నని గొట్టంతో లోపల చూసే పరీక్ష) అవసరం కావచ్చు.

ఏళ్ల తరబడి ఈ గోలీల మీదే ఉన్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. దీర్ఘకాలం వాడితే బీ12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది. ఒక్కసారిగా ఆపేస్తే కొన్నాళ్లు ఆమ్లం మామూలుకన్నా ఎక్కువగా ఊరి మంట రేగుతుంది. దాంతో "ఇది లేకపోతే నాకు కుదరదు" అనుకుని మళ్లీ మొదలుపెడతారు. డాక్టర్ సలహాతో మెల్లగా తగ్గించుకోవచ్చు. రక్తం పల్చబడే మందులకు తోడుగా గుండె డాక్టర్ రాసిచ్చిన వాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదు. వాంతులు తగ్గించే డోంపెరిడోన్ కలిసిన గోలీలను గుండె జబ్బున్న పెద్దవాళ్లు అడగకుండా వాడొద్దు, గుండె లయ మీద ప్రభావం ఉంటుంది.

పరగడుపున పొట్ట పైభాగంలో నొప్పి, తింటే తగ్గుతుంది

రెండు మూడు గంటలకు మళ్లీ వస్తుంది, కొందరిని అర్ధరాత్రి లేపుతుంది. ఇది అల్సర్, అంటే కడుపు లోపలి పొరలో పుండు, కావచ్చు.

కారణాల్లో మొదటిది మేమే అమ్ముతున్న నొప్పి గోలీలు. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ నెలల తరబడి వాడే అమ్మలు ఎందరో. ఈ మందులు కడుపు లోపలి పొరకు ఉండే రక్షణను తగ్గిస్తాయి. రెండోది హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. టెన్షన్ వల్లే, కారం వల్లే అల్సర్లు వస్తాయని ఒకప్పుడు డాక్టర్లూ నమ్మారు. ఆస్ట్రేలియాకు చెందిన రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ 1982లో ఈ క్రిమిని వేరుచేసి చూపించారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తనే తాగి కడుపు వాపు తెచ్చుకున్నారు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఏం చేయాలి: నొప్పి గోలీ వాడుతున్నారా లేదా అన్నది డాక్టరుకు తప్పక చెప్పండి. పైలోరీ ఉందో లేదో శ్వాస పరీక్షతోనో మల పరీక్షతోనో తెలుస్తుంది. అయితే ప్యాంటోప్రజోల్ లాంటివి రెండు వారాల ముందే ఆపకపోతే ఉన్న క్రిమి కూడా లేనట్టు చూపించవచ్చు. ఉందని తేలితే సాధారణంగా 14 రోజుల యాంటీబయాటిక్ కోర్సు ఇస్తారు. అయిదో రోజుకే హాయిగా ఉందని మిగిలినవి పక్కన పెట్టేవాళ్లను చూస్తుంటే బాధేస్తుంది. అలా వదిలేస్తే క్రిమి మందులకు మొండికేస్తుంది.

మలం తారులా నల్లగా, జిగటగా వస్తే లోపల రక్తం కారుతున్నట్టు అనుమానించి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ గోలీలతోనూ నల్లగా అవుతుంది, వాడుతుంటే ఆ మాట చెప్పండి.

తిన్న గంటకు పొట్ట డోలులా ఉబ్బుతుంది

కారణం చాలాసార్లు పాలు. దక్షిణాదిలో పెద్దవాళ్లలో చాలామందికి పాలలోని లాక్టోజ్ సరిగ్గా అరగదు. రోజుకు అయిదారు ఇరానీ చాయ్‌లు తాగేవాళ్లు పాలు తాగడం లేదనే అనుకుంటారు. రెండు వారాలు చాయ్ బదులు బ్లాక్ టీ తాగి చూడండి, పెరుగు మానక్కర్లేదు. తేడా కనిపిస్తే జవాబు దొరికినట్టే. శనగలు, రాజ్మా, క్యాబేజీ, ఉల్లిపాయ కూడా కొందరికి పడవు. పప్పుగింజలను రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండండి. గ్యాస్‌కి మందని సోడా తాగకండి, అందులో ఉన్నదే గ్యాస్. తేన్పు వచ్చి క్షణం హాయిగా ఉంటుంది, అంతే.

ఒక్క హెచ్చరిక. నలభై, యాభై దాటిన ఆడవాళ్లకు కొత్తగా ఉబ్బరం మొదలై వారాల తరబడి తగ్గకపోతే పొట్ట స్కాన్ చేయించుకోవాలి. అండాశయాల సమస్య కూడా ఇలాగే మొదలవుతుంది.

మోషన్ ఫ్రీగా కావడం లేదు

అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు దీనికే ఎక్కువ వస్తారు. కంచం అడిగితే చెప్తారు: తెల్లన్నం, నీళ్ల పప్పు, ఆలుగడ్డ కూర. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 400 గ్రాముల కూరగాయలు, అందులో 100 గ్రాములు ఆకుకూరలు, వాటితో పాటు 100 గ్రాముల పండ్లు తినమంటుంది. హాస్టల్ కంచంలో అందులో పావు వంతైనా కనిపించదు. పైగా బాత్రూం దగ్గర వరస, క్లాసుకు ఆలస్యం. వచ్చినదాన్ని రోజూ ఆపుకుంటే పేగు కబురు పంపడమే తగ్గిస్తుంది. ఐరన్, కాల్షియం గోలీలు, థైరాయిడ్ తక్కువగా ఉండడం కూడా కారణాలే.

ఏం చేయాలి: జామకాయ చౌక, గింజలతో సహా తినండి. వారంలో కొన్ని రాత్రులు అన్నం బదులు జొన్నరొట్టె. ఇసబ్గోల్ (పీచు పొట్టు) వాడితే పెద్ద గ్లాసు నీళ్లతోనే, నీళ్లు చాలకపోతే అదే లోపల గట్టిపడుతుంది. టిఫిన్ తిన్నాక పేగు సహజంగా కదులుతుంది, ఆ పావుగంట టాయిలెట్‌కు కేటాయించండి. వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకోండి. రక్తం పడితే మొలలే అని మీరే తేల్చేసుకోవద్దు, చూపించుకోండి.

ఆఫీసు రోజుల్లోనే కడుపు గుడగుడ, సెలవులో ఏమీ ఉండదు

గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసే ఒక తమ్ముడు స్కాన్, ఎండోస్కోపీ, రక్త పరీక్షలు అన్నీ చేయించుకున్నాడు. అన్నీ నార్మల్. "అయితే నేను నటిస్తున్నానా అన్నా?" అని అడిగినప్పుడు అతని గొంతు వణికింది. నటన కాదు. మెదడుకూ పేగుకూ మధ్య నరాల దారి ఉంది. ఆ దారి అతిగా స్పందిస్తే మామూలు కదలికే నొప్పిలా, అర్జెంటుగా తెలుస్తుంది. దీన్ని ఐబీఎస్ అంటారు. నొప్పి నిజం, పేగు మాత్రం దెబ్బతినదు.

ఏం చేయాలి: రెండు వారాలు ఏం తిన్నారు, ఎంతసేపు నిద్రపోయారు, నొప్పి ఎప్పుడొచ్చింది రాసుకోండి. నైట్ షిఫ్ట్ వాళ్లు పెద్ద భోజనం షిఫ్టుకు ముందే చేసి, అర్ధరాత్రి తేలికగా తినండి. నిద్రకు ఆరు గంటల ముందు నుంచి టీ, కాఫీ ఆపండి. నడక, నిద్ర, ఇసబ్గోల్ చాలామందికి పనిచేస్తాయి. పేగు పట్టేయడాన్ని తగ్గించే మందులు డాక్టర్ ఇస్తారు. బరువు తగ్గిపోవడం, రక్తం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉండడం, ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ఐబీఎస్ అని సర్దుకోవద్దు.

విరేచనాలు

వానాకాలంలో ఒకే అపార్ట్‌మెంట్ నుంచి నలుగురు వస్తే నేను సంపు గురించి అడుగుతాను. డ్రైనేజీ నీళ్లు సంపులోకి దిగితే బిల్డింగంతా జబ్బున పడుతుంది. అది కడిగించేదాకా కాచిన నీళ్లే తాగండి. బయటి తిండి సంగతికొస్తే, పచ్చి గుడ్లతో చేసిన మయోనైజ్‌ను 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది ఇలాంటి కేసుల వల్లే.

ముందు కావాల్సింది యాంటీబయాటిక్ కాదు, ఒంట్లోంచి పోయిన నీళ్లు, లవణాలు తిరిగి నింపే ఓఆర్‌ఎస్. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే సరిగ్గా అన్నే కలపాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టిన టీ చెంచాతో. తీయటి పానీయాల డబ్బాలను ఓఆర్‌ఎస్ అనుకుని పిల్లలకు పట్టిన తల్లులు ఎందరో ఉన్నారు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. పిల్లలకు ఓఆర్‌ఎస్‌తో పాటు డాక్టర్ చెప్పిన మోతాదులో జింక్ 14 రోజులు. జ్వరం, రక్తం ఉన్నప్పుడు విరేచనాలు ఆపే గోలీ వేయొద్దు. పిల్లలకు అసలే వద్దు. మూత్రం రాకపోయినా, కళ్లు లోతుకు పోయినా, మగతగా ఉన్నా ఆసుపత్రికే.

స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అని వచ్చింది

నొప్పి లేదని రిపోర్టు బీరువాలో పెట్టేస్తారు. దీనికి లివర్ టానిక్‌లు కావు, బరువు తగ్గడమే మందు. శరీర బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు, వాపు తగ్గుతాయి. నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం తీసుకెళ్లండి. దాని మీద "గ్యాస్" అని రాయకండి. బాధ ఎక్కడ, ఏ వేళకు, తిన్నాకా తినకముందా, ఎన్నాళ్ల నుంచి, ఇప్పటిదాకా ఏ గోలీలు వాడారు, ఇవి రాయండి. పేర్లు గుర్తులేకపోతే వాడేసిన స్ట్రిప్పులే ఒక కవర్లో వేసుకెళ్లండి.