పరిశోధనకు తొలి మెట్లు – 4: సున్నా వచ్చిందంటే?

మూడో పాఠంలో కొటేషన్ గుర్తుల సంగతి చదివాక చాలామంది ప్రశ్న మొత్తాన్నీ వాటి మధ్య కుక్కి వెతికారు. "గుంటూరు జిల్లా చేనేత కార్మికులపై కరువు ప్రభావం" అని ఆరు మాటలనూ బిగించేస్తే, అవే మాటలు అదే వరసలో ఉన్న పేజీయే కావాలని అడిగినట్టు. పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ సున్నా చూపింది. అక్కడితో ఆగినా బాగుండేది! "ఈ అంశంపై ఇంతవరకు పరిశోధన జరగలేదు" అని సినాప్సిస్‌లోనూ (పరిశోధన ప్రతిపాదనలోనూ) ఎక్కించేశారు. ఆ సున్నా మీరు కొట్టిన మాటలకు పడింది, అంశానికి కాదు.

కొటేషన్లు రెండు మూడు మాటల పేర్లకే. మిగతావి బయట వదిలేయండి. ఈ పేరు లేదా ఆ పేరు అని అడిగే 'ఆర్' (OR) పెద్దక్షరాల్లో కొట్టాలి. ఇవి తెలిసినవే, పోనిద్దాం.

అసలు పేచీ పేర్లతో. 1832–33 కరువునే తీసుకోండి. ఇంగ్లిషులో 'గుంటూరు కరువు'. నందన నామ సంవత్సరంలో వచ్చింది కనుక తెలుగులో 'నందన కరువు'. జనం నోట 'డొక్కల కరువు'. మూడూ ఒకటేనని సెర్చ్ పెట్టెకు తెలియదు. పైగా కంపెనీ కాలపు కాగితాల్లో చాలాచోట్ల గుంటూరు స్పెల్లింగులో చివరి 'ఆర్'కు ముందు 'యు' కాక రెండు 'ఓ'లుంటాయి. కడప 2005 దాకా ఇంగ్లిషులో 'సి'తో మొదలయ్యేది. 'కె'తోనే వెతికితే మద్రాసు జిల్లా గెజిటీర్ల (జిల్లా వివరాల సర్కారీ పుస్తకాల) వరసలో 1915లో వచ్చిన కడప సంపుటం మీ కంటపడదు. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది, ఆ పేరు పెట్టింది 1972లో. అంతకు ముందరి సంగతులకు గుంటూరు, నెల్లూరు, కర్నూలు కింద చూడాలి. 'రాయలసీమ' అన్న పేరు 1928 నాటిది. 19వ శతాబ్దపు రికార్డుల్లో అవి దత్త మండలాలు, ఇంగ్లిషులో సీడెడ్ డిస్ట్రిక్ట్స్.

పుస్తకాల ఆన్‌లైన్ భాండాగారం ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోని పాత తెలుగు స్కాన్లది మరో తంటా. లోపలి అక్షరాలను యంత్రం చాలావాటిలో సరిగా చదవలేదు, పుస్తకం పేరుతోనే పట్టుకోవాలి. ఆ పేర్లనేమో ఎవరికి తోచినట్టు వాళ్లు ఇంగ్లిషు లిపిలో ఎక్కించారు: 'ఆంధ్ర' మొదట్లో ఒకచోట ఒక 'ఎ', ఇంకోచోట రెండు. నేనైతే రచయిత ఇంటిపేరుతో మొదలుపెడతాను. మన విశ్వవిద్యాలయాల సిద్ధాంతగ్రంథాలుండే శోధ్‌గంగ సైటులో పనికొచ్చే సిద్ధాంతగ్రంథం ఒక్కటి దొరికినా సెర్చ్ ఆపేసి, దాని చివరి గ్రంథసూచి పీడీఎఫ్ తెరుస్తాను. ఏ పేరు ఏయే స్పెల్లింగుల్లో తిరుగుతోందో అక్కడ తేలిపోతుంది.

అభ్యాసం: మీ జిల్లా, ఒక పంట, ఒక కరువో వరదో. ఒక్కోదానికి నాలుగేసి పేర్లు. పన్నెండింటినీ గూగుల్ స్కాలర్, ఆర్కైవ్ డాట్ ఆర్గ్, శోధ్‌గంగ మూడు చోట్లా వెతకండి, మొత్తం 36 సార్లు. తేదీ, కొట్టిన మాటలు అక్షరం పొల్లుపోకుండా, వచ్చిన ఫలితాలెన్నో నోటుబుక్కులో రాయండి. సున్నాలు కూడా.