వర్జీనియాలో సివిల్ వార్ జనరళ్ల ఇళ్లు చూడాలంటే

సివిల్ వార్ అంటే 1861-65లో అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకు, ఉత్తరాదికి మధ్య జరిగిన యుద్ధం. వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల ఉండేవాళ్లు దక్షిణాది సేనాని రాబర్ట్ ఈ. లీ ఉన్న ఆర్లింగ్టన్ హౌస్‌తో మొదలుపెట్టొచ్చు. అది ఇప్పుడు ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఉంది. మెట్రో బ్లూ లైన్‌లో ఆర్లింగ్టన్ సెమెటరీ స్టేషన్‌లో దిగాలి. ఐడీ కార్డు దగ్గర పెట్టుకోండి, గేటు దగ్గర సెక్యూరిటీ చెక్ ఉంటుంది. ఇంటి దాకా సొంత కారు పోనివ్వరు, గుట్ట ఎక్కాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులుంటే టికెట్ కొని లోపల తిరిగే టూర్ బస్సు ఎక్కించడమే మేలు.

లీ పెళ్లి 1831లో ఈ ఇంట్లోనే జరిగింది. 1861 ఏప్రిల్‌లో అమెరికా సైన్యానికి రాజీనామా రాసిందీ ఇక్కడే. చాలామంది ముందు స్తంభాల దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతారు. వెనకవైపు బానిసలు ఉన్న గదులు చూడకపోతే సగం కథ వదిలేసినట్టే. యుద్ధం మొదలై లీ భార్య ఇల్లు విడిచిపోతూ తాళాలు సెలీనా గ్రే అనే బానిస స్త్రీకి ఇచ్చింది. ఆ ఇంట్లో ఉన్న జార్జ్ వాషింగ్టన్ వస్తువులను ఉత్తరాది సైనికులు ఎత్తుకుపోతుంటే అధికారికి చెప్పి మిగిలినవి కాపాడింది ఆమే.

ఎక్కడికెళ్లినా గైడ్‌ను ముందుగా అడగాల్సింది ఒకటే: ఇందులో అసలువి ఏవి, తర్వాత చేసినవి ఏవి? అప్పొమాటక్స్‌లో 1865 ఏప్రిల్ 9న లీ ఉత్తరాది సేనాని గ్రాంట్‌కు లొంగిపోయిన మెక్లీన్ ఇల్లు అచ్చం పాతదిలాగే ఉంటుంది. కానీ వాషింగ్టన్‌లో ప్రదర్శనకు పెడదామని 1893లో దాన్ని విప్పేశారు, డబ్బు చాలక విప్పిన ఇటుకలు, చెక్కలు అక్కడే పడి పాడయ్యాయి. ఇప్పుడున్నది పాత స్థలంలోనే మళ్లీ కట్టి 1949లో తెరిచిన ఇల్లు. ఆ రోజు గ్రాంట్, లీ కూర్చున్న కుర్చీలు కూడా ఇక్కడ లేవు, డీసీలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి.

గినీ స్టేషన్ దీనికి పూర్తిగా వేరు. లీ కింద పనిచేసిన జనరల్ స్టోన్‌వాల్ జాక్సన్ 1863 మే 10న కన్నుమూసిన చిన్న ఆఫీసు గది, ఆ మంచం, గడియారం అసలువే. ఐ-95 మీద థార్న్‌బర్గ్ ఎగ్జిట్ తీసుకోవాలి. అన్ని రోజులూ తెరవరు, బయల్దేరే ముందు నేషనల్ పార్క్ సర్వీస్ సైట్‌లో వేళలు చూసుకోండి.

లెక్సింగ్టన్‌కు డీసీ నుంచి మూడు గంటలకు పైనే పడుతుంది, రాత్రి అక్కడే ఉంటే హాయి. జాక్సన్ సొంతంగా కొనుక్కున్న ఒకే ఒక్క ఇల్లు అక్కడుంది. దగ్గర్లోనే వీఎంఐ (వర్జీనియా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్) మ్యూజియంలో అతని గుర్రం లిటిల్ సోరెల్ తోలు కూరి నిలబెట్టారు, పిల్లలు ముందు దాని దగ్గరికే పరిగెడతారు. పాత గైడ్ పుస్తకం పట్టుకెళ్తే పేర్లతో తంటా: లీ సమాధి ఉన్న లీ చాపెల్ ఇప్పుడు యూనివర్సిటీ చాపెల్, జాక్సన్ సమాధి ఉన్న శ్మశానం పేరు ఇప్పుడు ఓక్ గ్రోవ్ సెమెటరీ. జీపీఎస్‌లో కొత్త పేర్లే కొట్టండి.