మాత్రలు మానేసినా నెల తప్పడం లేదా? ఇలా చూసుకోండి

మాలా-ఎన్, మాలా-డి లాంటి గర్భనిరోధక మాత్రలు ఎన్నేళ్లు వాడినా, మానేసిన కొద్ది రోజులకే వాటి హార్మోన్లు ఒంట్లోంచి పోతాయి. "ఆ మాత్రలు మింగి గర్భసంచి పాడు చేసుకుంది" అని ఇంట్లో ఎవరైనా అంటే, దయచేసి ఆ నింద మీ మీద వేసుకోకండి. అది నిజం కాదు. ఆలస్యానికి కారణం మామూలుగా వేరే చోట ఉంటుంది.

మానేసి ఆరు వారాలైనా పీరియడ్ రాలేదు

ముందు మెడికల్ షాపులో ప్రెగ్నెన్సీ కిట్ కొని చూసుకోండి. మొదటి పీరియడ్ రాకముందే గర్భం నిలవొచ్చు, దాని వల్ల బిడ్డకు ఏ హానీ లేదు. నెగెటివ్ వస్తే వారం ఆగి మళ్లీ చూడండి. మూడు నెలలు దాటినా రాకపోతే థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) రక్తపరీక్షలు, స్కానింగ్ చేయించాలి.

అప్పుడు ఠంచనుగా వచ్చేది, ఇప్పుడు 45 రోజులకు గానీ రావడం లేదు

ఎక్కువమంది కంగారుపడేది ఇక్కడే. మాలా-ఎన్ షీటు ఒకసారి చూడండి. 28 మాత్రల్లో 21 హార్మోన్‌వి, వేరే రంగులో ఉన్న చివరి ఏడూ ఐరన్‌వి. ఆ ఏడు రోజులు హార్మోన్ అందక రక్తస్రావం అయ్యేది. అంటే ఆ టైమింగ్ షీటుది, మీ ఒంటిది కాదు. పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాని సమస్య) ఉన్నా ఇన్నాళ్లూ బయటపడి ఉండదు. పెళ్లికి ముందు మీకు నెలసరి ఎలా వచ్చేదో అమ్మను అడిగి గుర్తు చేసుకోండి. అప్పుడూ ఆలస్యంగానే వస్తుంటే డాక్టర్‌కు ఆ సంగతే ముందు చెప్పండి. బరువు ఎక్కువుంటే అందులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి అండం విడుదల మళ్లీ గాడిన పడుతుంది. అండం పెరగడానికి ఇచ్చే మాత్రలు మాత్రం సొంతంగా కొని వేసుకోవద్దు.

నెలనెలా సరిగ్గా వస్తోంది, గర్భం నిలవడం లేదు

అందరూ 14వ రోజునే లెక్కపెడతారు. అండం విడుదలయ్యేది వచ్చే పీరియడ్‌కు సుమారు 14 రోజుల ముందు. 32 రోజుల చక్రమైతే అది 18వ రోజు దగ్గర పడుతుంది. వీర్యకణాలు ఐదు రోజుల దాకా బతకగలవు, అండానికి ఒక్కరోజే ఆయుష్షు. కాబట్టి ఆ వారమంతా రోజు విడిచి రోజు కలవండి, ఒక్క తేదీ కోసం టెన్షన్ పడొద్దు. ఆయన వీర్య పరీక్ష కూడా మొదట్లోనే చేయించండి. భార్యకు అన్ని పరీక్షలూ అయ్యాక ఆఖర్న భర్తను పంపడం అన్యాయం, కాలం వృథా కూడా.

వాడింది మాత్రలు కాదు, అంతర ఇంజెక్షన్

ఇది మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్, దాని లెక్క వేరు. చివరి ఇంజెక్షన్ తర్వాత గర్భం నిలవడానికి 7 నుంచి 10 నెలలు పట్టడం మామూలే.

ఫోలిక్ యాసిడ్ మాత్రం ఈ రోజే మొదలుపెట్టండి, రోజుకు 400 మైక్రోగ్రాములు. షుగరో, ఫిట్స్ మందులో ఉంటే మోతాదు డాక్టర్‌నే అడగండి.

35 ఏళ్లలోపు వాళ్లు ఏడాది ప్రయత్నించి వెళ్లినా ఫర్వాలేదు. 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. 40 దాటినా, నెలసరి అసలే గాడి తప్పినా ఆగొద్దు. వెళ్లేటప్పుడు పీరియడ్ తేదీలు రాసిన కాగితం, పాత స్కాన్ రిపోర్టులు, వాడిన మాత్రల షీటు తీసుకెళ్లండి. ఆయన్నీ వెంట రమ్మనండి.