పెరట్లో పూల్‌కి పైపులు, పంపు మార్చడం ఎలా? ముందు గొట్టాల సంగతి చూడండి

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల పెరళ్లలో ఎండాకాలం రాగానే నేల మీద నిలబెట్టే పూల్ ఒకటి వెలుస్తుంది. శనివారం పొద్దున డబ్బా విప్పితే సాయంత్రానికి నిలబడుతుంది, రెండో వారానికి నీళ్లు పచ్చబడతాయి. అప్పుడు అందరూ పరుగెత్తి పెద్ద పంపు కొంటారు. నేనూ కొన్నాను. కొని, దానికి పాత ముడతల గొట్టాలే తగిలించాను. ధార పెరగలేదు, చప్పుడు మాత్రం బాగా పెరిగింది.

తప్పు పంపుది కాదు, గొట్టాలది. డబ్బాలో వచ్చేవి చాలావరకు అంగుళంపావువి, పైగా లోపలంతా ముడతలు. వాటి బదులు ఒకటిన్నర అంగుళాల నున్నటి పీవీసీ పైపు వేస్తే అదే ధారకి రాపిడి సగానికి పైగా తగ్గిపోతుంది. కాబట్టి ముందు పైపులు, ఆ తర్వాతే పంపు.

పంపు కొనేముందు చిన్న లెక్క వేసుకోండి. గుండ్రటి పూల్ అయితే వెడల్పుని వెడల్పుతో, దాన్ని నీటి లోతుతో, వచ్చినదాన్ని 5.9తో గుణించాలి, అన్నీ అడుగుల్లోనే. 18 అడుగుల పూల్‌లో 4 అడుగుల నీళ్లుంటే సుమారు 7,600 గ్యాలన్లు. ఆ నీళ్లన్నీ 8 గంటల్లో ఒకసారి ఫిల్టర్ గుండా వెళ్లాలంటే నిమిషానికి 16 గ్యాలన్లు చాలు. అంతే! ఇసుక ఫిల్టర్ కూడా ఎంతపడితే అంత మోయలేదు, ఇసుక పైభాగంలో చదరపు అడుగుకి నిమిషానికి 20 గ్యాలన్లు దాని హద్దు, అంటే 16 అంగుళాల ట్యాంకుకి 28. అంతకుమించి తోస్తే చెత్త ఇసుకలో ఆగకుండా తిరిగి పూల్‌లోకే వస్తుంది. డబ్బులుంటే వేగం మార్చుకునే పంపు తీసుకోండి, సగం వేగంతో తిప్పితే ధార సగమవుతుంది కానీ కరెంటు దాదాపు ఎనిమిదో వంతే కాలుతుంది.

ఇక పని. మొదట కరెంటు తీసేసి, పూల్ వైపు వాల్వులు మూసేయండి. ఊళ్లో మోటారుకి నీళ్లు పోసి ఎక్కించడం అలవాటైనవాళ్లు ఇక్కడ తడబడతారు, ఎందుకంటే ఈ పంపు నీటిమట్టం కంటే కిందుంటుంది, పైపు విప్పగానే నీళ్లు వాటంతటవే మీద పడతాయి. నేను ఒక వాల్వు మూయడం మర్చిపోయి పక్కింటాయన కూరగాయల మడులు తడిపేశాను. వాల్వులు లేని పూల్ అయితే లోపలి నుంచి రబ్బరు బిరడా పెట్టండి. పల్చటి గోడకి కొత్తగా కన్నం కోసే సాహసం మాత్రం చేయొద్దు, ఉన్న కన్నాలకే అడాప్టర్ పెట్టుకోండి. ఇంటెక్స్ లాంటి కంపెనీల పూల్ మరలు మామూలు పైపు మరలకి సరిపోవు, ఆ పూల్‌కనే అమ్మే అడాప్టర్ కొనాలి. నీళ్లు లాగే చోట జాలీ తీసేయకండి, కొత్త పంపు బలానికి పిల్లల జుట్టు, వేళ్లు ఇరుక్కోవచ్చు.

వరుస ఇది: స్కిమ్మర్ (పూల్ పైనీళ్లు లాగే బుట్ట) నుంచి పంపు, అక్కణ్నుంచి ఫిల్టర్, మళ్లీ పూల్. క్లోరిన్ కలిపే క్లోరినేటర్ ఉంటే అన్నిటికన్నా చివర. పంపుకి రెండు వైపులా బాల్ వాల్వు, యూనియన్ (విప్పుకోగలిగే జాయింటు) పెట్టండి, రేపు పంపు పాడైతే పైపు కోయకుండా విప్పుకోవచ్చు. నీళ్లు లోపలికి వచ్చే వైపు పంపు మూతికి ఆనించి ఎల్బో (వంపు ముక్క) పెట్టకండి, కనీసం అడుగు పైపు తిన్నగా ఉండాలి.

పైపులు అతికించే సొల్యూషన్ రాయకముందు అన్నీ ఒకసారి ఉత్తగా బిగించి, మార్కర్‌తో గీతలు పెట్టుకోండి. మన దగ్గర ప్లంబర్ నేరుగా సొల్యూషన్ పూసేస్తాడు, ఇక్కడ ముందు పైపు అంచుని శుభ్రం చేసి మెత్తబరిచే ఊదారంగు ప్రైమర్, ఆ తర్వాత సొల్యూషన్. పైపుని లోపలికి తోసి పావు చుట్టు తిప్పి అర నిమిషం వదలకుండా పట్టుకోవాలి. మరలకి టెఫ్లాన్ టేపే చుట్టండి, సొల్యూషన్ పూయొద్దు. చేత్తో బిగించాక పానాతో కొంచెమే, కండబలం చూపిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. ఒక రాత్రి ఆరనివ్వండి.

కరెంటు దగ్గర మాత్రం పొదుపు వద్దు. జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే పరికరం) లేకుండా, ఎక్స్‌టెన్షన్ వైరుతో పంపు నడపకండి. పంపు పూల్‌కి ఆరడుగులకు పైగా దూరంలో ఉండాలి. ఎర్తింగ్, రాగి తీగతో లోహపు భాగాలన్నీ కలిపే బాండింగ్ ఎలక్ట్రీషియన్ పని, సిటీ పర్మిట్ సంగతి కూడా అతన్నే అడగండి.

ఫిల్టర్ ట్యాంకులో సగం నీళ్లు పోశాకే ఇసుక పోయండి, లేదంటే అడుగున ఉండే చీలికల గొట్టాలు విరుగుతాయి. వాల్వులు తెరిచి, గాలి పోయాక, మొదట బ్యాక్‌వాష్ (నీళ్లు వెనక్కి తోసి ఇసుక కడగడం), తర్వాత రిన్స్ (మిగిలిన మురికి బయటికి వదలడం), అప్పుడు ఫిల్టర్. ఇవి మార్చడానికి ఫిల్టర్ వాల్వు పిడి తిప్పే ప్రతిసారీ పంపు ఆపాలి. శుభ్రంగా ఉన్నప్పుడు ప్రెషర్ గేజ్ ఎంత చూపిస్తుందో ట్యాంకు మీదే రాసుకోండి, దానికంటే 8 నుంచి 10 పీఎస్‌ఐ పెరిగితే మళ్లీ బ్యాక్‌వాష్.

చలికాలంలో గడ్డకట్టే రాత్రులు రాకముందే పంపు అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్గులు తీసి నీళ్లు వదిలేయండి. తీసిన ప్లగ్గులు పంపు బుట్టలోనే వేసి మూత పెట్టండి, లేకపోతే ఏప్రిల్‌లో గరాజ్ అంతా గాలించాల్సి వస్తుంది.