ప్రసవం తర్వాత థైరాయిడ్ మందగిస్తే ఎలా చూసుకోవాలి? బిడ్డ టీకా కార్డులోనే తల్లి లెక్క కూడా

పాపకి ఆరో నెల నిండిన వారం నేను మళ్లీ ఆఫీసులో చేరాను. మారతహళ్లి దగ్గర క్యాబ్ ఆగిన ప్రతిసారీ కళ్లు మూతలు పడేవి. అది జనవరి, బెంగళూరులో అందరూ స్వెటర్లలోనే ఉన్నారు కాబట్టి నాకు మరీ చలేస్తోందని ఎవరికీ అనుమానం రాలేదు. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడితే, "బాలింత జుట్టు ఊడక మానుతుందా" అన్నారు పక్క ఫ్లాటు ఆంటీ. మలబద్ధకమంటే నీళ్లు తక్కువ తాగుతున్నావన్నారు. మాటలు మర్చిపోతుంటే నిద్ర చాలట్లేదన్నారు. అనంతపురం నుంచి అమ్మ ఫోన్లో, "పథ్యం తొందరగా మానేశావమ్మా, ఒళ్లింకా పచ్చిగానే ఉంది" అంది. ఒక్కోదానికి ఒక్కో కారణం దొరికింది. అన్నీ కలిపి చూసినవాళ్లు మాత్రం లేరు. చివరికి రక్తం ఇస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే పెరిగే హార్మోను, మామూలుగా 4 లోపు ఉండాలి) 38 వచ్చింది.

ఆ ఆరు నెలల్లో పాపని ఎన్నిసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లానో! ప్రతిసారీ బరువు, పొడవు, తల చుట్టుకొలత రాశారు. నన్ను చూసే డాక్టరమ్మ ఆరో వారంతో "ఇక రానక్కర్లేదు" అన్నారు. పిల్లల డాక్టరు పిల్లనే చూస్తారు. మధ్యలో తల్లి ఎవరి చీటీలోనూ లేదు. ఈ పని మనమే పెట్టుకోవాలి. నేను డాక్టర్ని కాను. నా డాక్టర్ల దగ్గర అడిగి తెలుసుకుని, రెండేళ్లుగా పాటిస్తున్నది చెబుతున్నాను. మోతాదు మాత్రం మీ డాక్టరే నిర్ణయించాలి.

ముందు మీరు ఏ కోవలో ఉన్నారో తేల్చుకోండి

గర్భం రాకముందు నుంచే థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నవాళ్లు ఒక కోవ. కడుపుతో ఉన్నప్పుడు మోతాదు పెంచి ఉంటారు. కాన్పు కాగానే అది మళ్లీ పాత మోతాదుకి దిగాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేముందే "ఇప్పటి నుంచి ఎంత వేసుకోవాలి?" అని అడిగి డిశ్చార్జి చీటీలో రాయించుకోండి. పెంచిన మోతాదునే నెలల తరబడి మింగితే గుండెదడ, చెమటలు, నిద్రలేమి వస్తాయి. వాటినీ బాలింతరాలి అలసట కిందే కట్టేస్తారు.

అంతకుముందు ఏ ఇబ్బందీ లేకుండా కాన్పు తర్వాతే మొదలైనవాళ్లు రెండో కోవ. దీన్ని ప్రసవానంతర థైరాయిడైటిస్ అంటారు. నూటికి 5 నుంచి 10 మంది తల్లులకు వస్తుంది. గర్భంలో శిశువుని కాపాడటానికి తల్లి రోగనిరోధక శక్తి కాస్త అణిగి ఉంటుంది. కాన్పు తర్వాత అది ఒక్కసారిగా పుంజుకుంటుంది. కొందరిలో అది సొంత థైరాయిడ్ గ్రంథి మీదే పడుతుంది. గాదెకి కన్నం పడితే ముందు వాకిలంతా గింజలే, తర్వాత చూస్తే గాదె ఖాళీ. ఇక్కడా అంతే. గ్రంథిలో నిల్వ ఉన్న హార్మోను మొదట రక్తంలోకి కారిపోతుంది. సాధారణంగా ఒకటో నెలకీ నాలుగో నెలకీ మధ్య దడ, చిరాకు, బరువు తగ్గడం కనిపిస్తాయి. నిల్వ అయిపోయాక, నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య, థైరాయిడ్ మందగిస్తుంది. కొందరికి మొదటి దశ తెలియకుండానే గడిచిపోతుంది. కొందరికి రెండోది అసలు రాదు.

ఈ నెలల లెక్క ఎందుకు ముఖ్యమంటే, 2017 సవరణ తర్వాత మన ప్రసూతి సెలవు 26 వారాలు. అంటే సరిగ్గా గాదె ఖాళీ అయ్యే రోజుల్లోనే సెలవు అయిపోతుంది, అమ్మ ఊరికి వెళ్లిపోతుంది, ఉద్యోగం మొదలవుతుంది. అలసటకి అవే కారణాలనుకుంటాం. నేనూ అదే అనుకున్నాను.

మూడో కోవ అరుదు, కానీ తప్పిపోతే ప్రమాదం. కాన్పులో విపరీతంగా రక్తం పోయి, ఆ తర్వాత పాలు అసలు పడకపోయినా, బిడ్డకి పాలివ్వకపోయినా నెలసరి తిరిగి రాకపోయినా, ఆ సంగతి డాక్టరుకి తప్పక చెప్పండి. రక్తం అందక మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని ఉండవచ్చు. టీఎస్‌హెచ్ తయారయ్యేది అక్కడే. గ్రంథే దెబ్బతింటే థైరాయిడ్ తక్కువైనా ఆ అంకె పెరగదు, రిపోర్టు చూడటానికి మామూలుగానే ఉంటుంది. ఇలాంటివాళ్లకి ఫ్రీ టీ4, అంటే రక్తంలో ఉన్న అసలు థైరాయిడ్ హార్మోను, కూడా చూడాలి.

టీకా కార్డులో మీ తేదీలు కూడా రాయండి

కర్ణాటకలో గర్భిణులకిచ్చే తాయి కార్డు గానీ, ప్రైవేటు ఆసుపత్రి ఇచ్చిన టీకాల పుస్తకం గానీ తీసుకోండి. బిడ్డ తేదీల పక్కన పెన్సిల్‌తో మీవి రాయండి. బిడ్డ టీకా ఏ తల్లీ మర్చిపోదు, దాంతో పాటే ఇదీ గుర్తుంటుంది.

ఆరో వారం టీకా: ముందునుంచీ మాత్ర వేసుకుంటున్నవాళ్లు టీఎస్‌హెచ్ చేయించుకోవాలి. పద్నాలుగో వారం టీకా: యాంటీ టీపీఓ (రోగనిరోధక శక్తి థైరాయిడ్ మీద పడుతోందా అని చూసే రక్తపరీక్ష) పాజిటివ్ వచ్చినవాళ్లు, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు, ముందు కాన్పు తర్వాత థైరాయిడ్ ఇబ్బంది పడ్డవాళ్లు. అన్నప్రాసన రోజులు, అంటే ఆరో నెల: వీళ్లే మళ్లీ. లక్షణాలుంటే ఏ కోవలో లేనివాళ్లు కూడా. మొదట్లో దడ దశ పట్టుబడితే అక్కడితో వదిలేయకండి. ఏడాది నిండేదాకా సుమారు రెండు నెలలకోసారి చూపించుకుంటే మందగించే దశ ముందే దొరుకుతుంది.

దడ దశలో ఒక హెచ్చరిక. అది హార్మోను ఎక్కువ తయారై వచ్చింది కాదు, నిల్వ కారడం వల్ల వచ్చింది. అందుకని తయారీని ఆపే మందులు దీనికి పనిచేయవు. గ్రంథి నిజంగానే హార్మోను ఎక్కువ తయారుచేసే గ్రేవ్స్ వ్యాధి అనే వేరే జబ్బు కాదని తేల్చుకోవడానికి రక్తపరీక్ష ఉంది. రేడియో అయోడిన్ స్కాన్ రాస్తే మాత్రం, పాలిస్తున్నానని నోరు తెరిచి చెప్పండి.

రక్తం ఇచ్చే రోజు

ఉదయమే, మాత్ర వేసుకోకముందు ఇవ్వండి. టీఎస్‌హెచ్ రోజులో హెచ్చుతగ్గులవుతుంది కాబట్టి ప్రతిసారీ ఇంచుమించు అదే వేళకి ఇస్తే పోల్చుకోవచ్చు. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే సౌకర్యం మన ఊళ్లో ఉంది, చంటిపిల్లతో అదే సుఖం.

జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారా? చాలా ల్యాబుల్లో వాడే పరీక్ష పద్ధతిని బయోటిన్ తప్పుదారి పట్టిస్తుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 ఎక్కువగా చూపించవచ్చు. థైరాయిడ్ వల్ల జుట్టు ఊడుతుంటే, ఆ జుట్టుకోసం వేసుకున్న మాత్రే జబ్బుని దాచేస్తుందన్నమాట. కనీసం రెండు రోజుల ముందు ఆపండి. మోతాదు పెద్దదైతే ఎన్నాళ్లు ఆపాలో డాక్టర్నే అడగండి.

రిపోర్టు రాగానే కంగారుపడేది అంకె దగ్గరే. టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్‌ని తట్టిలేపే హార్మోను. గ్రంథి బద్ధకిస్తే ఇది పెరుగుతుంది. అంకె ఎక్కువ ఉందంటే థైరాయిడ్ తక్కువ ఉందని అర్థం. సాధారణంగా 0.4 నుంచి 4 దాకా మామూలు, ల్యాబుని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. హిమోగ్లోబిన్, బీ12 కూడా అదే రోజు చేయించుకోవచ్చేమో అడగండి. రక్తహీనత అలసట, థైరాయిడ్ అలసట పైకి ఒకేలా ఉంటాయి, రెండూ కలిసి ఉండటమూ మామూలే.

మాత్ర: చంటిపిల్ల ఇంట్లో ఖాళీ కడుపు ఎప్పుడు?

అందరూ తడబడేది ఇక్కడే. లీవోథైరాక్సిన్, అంటే దుకాణంలో థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ లాంటి పేర్లతో దొరికే మాత్ర, ఖాళీ కడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. తర్వాత అరగంట నుంచి గంటదాకా ఏమీ తినకూడదు, తాగకూడదు. ఫిల్టర్ కాఫీ కూడా వద్దు. కాఫీ దీన్ని ఒంటికి పట్టనివ్వదు. పాలిచ్చే తల్లికి లేవగానే ఆకలి దంచేస్తుంది, గంటసేపు ఆగమంటే ప్రాణం మీదికొస్తుంది. నేను మొదటి నెల కాఫీతో పాటే మింగేసి, మందు పనిచేయట్లేదని ఏడ్చాను.

దారి రాత్రి పాలల్లో దొరికింది. పాప తెల్లవారుజామున నాలుగింటికి ఎలాగూ లేపుతుంది. మంచం పక్కన అరలో మాత్రల సీసా, నీళ్ల గ్లాసు పెట్టుకుని, పాపకి పాలు పట్టగానే వేసుకునేదాన్ని. ఆరింటికి కాఫీ నిశ్చింతగా తాగొచ్చు. నిద్రమత్తులో రెండుసార్లు మింగకుండా, వేసుకున్న వెంటనే క్యాలెండర్ మీద సున్నా చుట్టేదాన్ని. రాత్రి లేవని పిల్లలుంటే, భోజనమైన మూడు గంటల తర్వాత పడుకోబోయే ముందు వేసుకోవచ్చేమో డాక్టర్ని అడగండి. ఏ వేళైనా సరే, రోజూ అదే వేళ కావాలి.

బాలింతకి ఐరన్, కాల్షియం కూడా రాస్తారు. ఈ రెండూ థైరాయిడ్ మాత్రని పట్టుకుని వదలవు, కనీసం 4 గంటల ఎడం ఉండాలి. నా లెక్క: తెల్లవారుజామున నాలుగింటికి థైరాయిడ్, మధ్యాహ్నం భోజనం తర్వాత ఐరన్, రాత్రి భోజనంతో కాల్షియం. ఐరన్, కాల్షియం కూడా ఒకదానితో ఒకటి పడవు కాబట్టి ఈ వరస అన్నిటికీ కుదిరింది. గ్యాస్ మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి, అవీ అడ్డుపడతాయి.

సీసా మీద ఉండే అంకె మైక్రోగ్రాములు. 25కీ 50కీ తేడా పెద్దది, కొన్న ప్రతిసారీ అంకె చూడండి. కంపెనీ పదేపదే మార్చకండి. పొయ్యి గట్టు దగ్గర, బాత్రూమ్ అరలో, ఎండలో ఆగిన కారులో పెట్టకండి. ఎండాకాలం మన ఊళ్లకి వెళ్లేటప్పుడు ఇది మరీ గుర్తుంచుకోండి. ఒక రోజు మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాడు కలిపి రెండు మింగకండి.

మార్పు నెమ్మదిగా వస్తుంది. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది. అందుకే మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి గానీ మళ్లీ పరీక్ష చేయరు. నాకు మూడో వారంలో చలి తగ్గింది, రెండో నెలలో బుర్ర తేటపడింది. జుట్టుకి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. బరువంతా థైరాయిడ్ వల్లే అనుకోకండి, దానివల్ల పెరిగేది సాధారణంగా రెండు నుంచి అయిదు కిలోలే. బరువు దిగడానికని మాత్ర ఎక్కువ మింగితే గుండెకి చేటు.

పాలు, పథ్యం

ఈ మాత్ర వేసుకుంటూ నిక్షేపంగా పాలివ్వొచ్చు. పాలల్లోకి వెళ్లేది చాలా కొద్ది, బిడ్డకి హాని లేదు. నిజానికి థైరాయిడ్ తక్కువైతేనే పాలు తగ్గవచ్చు. "మందులు వేసుకుంటూ పాలిస్తావా" అని ఎవరన్నా అంటే ఈ మాట చెప్పండి.

పథ్యంలో శొంఠి, వెల్లుల్లి కారం, పొట్లకాయ కూర, అన్నీ తినండి. మాత్రకి ఎడం ఉంటే చాలు. వండిన క్యాబేజీ, కాలీఫ్లవర్ మామూలుగా తింటే భయం లేదు. ఒక్కటి మాత్రం మార్చుకోవాలి. బాలింతకి మంచిదని ఇంట్లో పూర్తిగా సైంధవ లవణమే వాడుతుంటే, అయోడిన్ ఉప్పుకి తిరిగి రండి. పాలిచ్చే తల్లికి రోజుకి 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. పాల ద్వారా బిడ్డకి అందేది కూడా అందులోంచే. అలాగని అయోడిన్ మాత్రలు, సముద్రపు నాచు పొడులు సొంతంగా కొని మింగకండి. అతి అయినా గ్రంథి దెబ్బతింటుంది.

మనసు బరువెక్కితే

కారణం లేకుండా ఏడుపు, బిడ్డ మీద కూడా మమకారం కలగకపోవడం, బతకాలనిపించకపోవడం: వీటికి థైరాయిడ్ పరీక్ష చేయించాలి, కానీ రిపోర్టు కోసం ఆగకూడదు. థైరాయిడ్ సరైనా మనోవేదన విడిగా ఉండొచ్చు, దానికి విడిగా వైద్యం ఉంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనీ విడదీయకుండా కలిపి చేర్చుకునే విభాగం 2009 నుంచి ఉంది. మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో మగవాళ్లు చదువుతుంటే, ఆ ఫోన్ మీరు కలిపి ఆమె చేతికివ్వండి.

ఎన్నాళ్లు? మళ్లీ కడుపు పండితే?

కాన్పు తర్వాతే మొదలైనవాళ్లలో ఎక్కువమందికి ఏడాది, ఏడాదిన్నరలో గ్రంథి కోలుకుంటుంది. అయిదుగురిలో ఒకరికి, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువమందికి, శాశ్వతంగా ఉండిపోతుంది. బాగానే ఉంది కదా అని మీ అంతట మీరు ఆపకండి. బిడ్డ మొదటి పుట్టినరోజు దాటాక డాక్టరు మోతాదు కొద్దికొద్దిగా తగ్గించి, ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ చూసి నిర్ణయిస్తారు. మరో బిడ్డ కోసం చూస్తుంటే అది తగ్గించే సమయం కాదు. గర్భానికి ముందే థైరాయిడ్ అదుపులో ఉండాలి, నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టరుకి ఫోన్ చేయాలి. తర్వాతి కాన్పుకి ఇది మళ్లీ రావడానికే ఎక్కువ అవకాశం, కాబట్టి కొత్త కార్డు అందిన రోజే అందులో మీ తేదీలు కూడా రాసేయండి.

పూర్తిగా తగ్గినవాళ్లకి కూడా తర్వాతెప్పుడో గ్రంథి మందగించవచ్చు, అందుకని ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూపించుకోవాలి. నేను పాప పుట్టినరోజు వారమే ఖాయం చేసుకున్నాను. ఈసారి రక్తం ఇస్తుంటే, తన టీకాలు గుర్తొచ్చాయేమో, నా చెయ్యి గట్టిగా పట్టుకుని పక్కనే నిలబడింది.