ఊరి చెరువు దగ్గర జీవవైవిధ్య పాఠం ఎలా చెప్పాలి?

జీవవైవిధ్యం అనగానే పిల్లలు పులి, ఏనుగు, ఖడ్గమృగం పేర్లు చెబుతారు. వాటిని జూలో తప్ప ఎక్కడా చూసి ఉండరు. అదే పిల్లలు రోజూ బడికి వచ్చే దారిలో చెరువు కట్ట మీద లకుముకి పిట్టను, తూము పక్కన తూనీగలను, గట్టు మీద తంగేడును దాటుకుంటూ వస్తారు గానీ, అదంతా తమ పాఠమేనని వారికి తోచదు. ఈ పాఠాన్ని ఆరు నుంచి పదో తరగతి వరకు ఒకటి రెండు పీరియడ్లలో ముగించకుండా, ఒకే చోటును ఏడాది పొడవునా చూపిస్తూ చెప్పాలని నా గట్టి నమ్మకం.

మొదటి పని, చోటు ఎంచుకోవడం. బడి నుంచి పది నిమిషాల నడకలో ఉన్న చెరువు కట్ట గానీ, పొలం గట్టు గానీ, పట్టణంలో అయితే పార్కులో ఒక మూల గానీ చాలు. ప్రధానోపాధ్యాయుల అనుమతి, తల్లిదండ్రుల అంగీకారం ముందే తీసుకోవాలి. కనీసం ఇద్దరు పెద్దలు వెంట ఉండాలి, పిల్లలెవరూ నీళ్లలోకి దిగకూడదు, రాళ్లను చేత్తో ఎత్తకూడదు, అందరికీ బూట్లు ఉండాలి. వయ్యారిభామ తగిలితే కొందరికి ఒంటిమీద దద్దుర్లు వస్తాయి కాబట్టి ఆ మొక్కను మొదటి రోజే దూరం నుంచి చూపించాలి.

తరువాత, చూడటం నేర్పాలి. నాలుగు మీటర్ల తాడును నాలుగు పుల్లలకు చుట్టి గడ్డి మీద పరిస్తే ఒక చదరపు మీటరు జాగా అవుతుంది. నలుగురైదుగురు పిల్లలను దాని చుట్టూ కూర్చోబెట్టి, ఇరవై నిమిషాల్లో అందులో కనిపించిన ప్రతి ప్రాణినీ బొమ్మ గీయమనాలి. మొదట గరిక తప్ప ఏమీ లేదంటారు. కాసేపటికి గరిక కణుపుల దగ్గర వేళ్లు దిగడం, ఆ కింద చీమల బారు, ఆకు మడతలో సాలీడు ఒక్కొక్కటిగా బయటపడతాయి. లేచేసరికి సాక్సులకు ఉత్తరేణి గింజలు అంటుకుని ఉంటాయి. వాటిని దులిపేయనివ్వకుండా భూతద్దం కింద పెట్టి, ముల్లులాంటి ఆ కొనలు బట్టను ఎలా పట్టుకున్నాయో చూపిస్తే, విత్తనాలు ఎలా వ్యాపిస్తాయో వేరే చెప్పనక్కరలేదు.

పేర్ల విషయంలో తొందరపడకూడదు. పిల్లల ఇంట్లో ఏ పేరు వాడితే ఆ పేరే ముందు రాయించాలి. ఒకరు వయ్యారిభామ అని, మరొకరు కాంగ్రెస్ గడ్డి అని ఒకే మొక్క గురించి వాదించుకున్నప్పుడు పార్థీనియం అనే శాస్త్రీయ నామం ఎందుకు అవసరమో వారికే అర్థమవుతుంది.

ఇంటి పెద్దల దగ్గరికి పంపడం ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. వినాయక చవితి పత్రి ఇరవై ఒక్క రకాలు. వాటిలో గరిక, జిల్లేడు, ఉమ్మెత్త, రేగు, వావిలి, మారేడు, ఉత్తరేణి బడికి కిలోమీటరు లోపల ఎన్నిచోట్ల పెరుగుతున్నాయో గుర్తించి పటం గీయమనాలి. తెలంగాణలో అయితే బతుకమ్మకు తంగేడు, గునుగు ఎక్కడి నుంచి తెస్తున్నారో, నాయనమ్మ చిన్నప్పుడు ఎక్కడ దొరికేవో అడిగి రాయమనాలి. గునుగు చేలో కలుపు మొక్క. కలుపు మందు చల్లడం మొదలయ్యాక అది ఎంత తగ్గిందో రైతును అడిగి తెలుసుకోవడం ఎనిమిదో తరగతి పిల్లలు చేయగలిగిన పనే.

ఇక నెలకొకసారి, ఒకే వారంలో, ఒకే వేళకు, ఒకే దారిన నడిచి లెక్క రాయాలి. ఆరు, ఏడు తరగతుల వారికి బొమ్మ, పేరు చాలు. పై తరగతుల వారు తేదీ, వాతావరణం, చెరువులో నీటిమట్టం, పక్షుల సంఖ్య పట్టికగా రాసి, సంవత్సరాంతంలో గ్రాఫ్ గీస్తారు. కనిపించని పిట్ట ఎదురుగా సున్నా వేయడం తప్పనిసరి, ఎందుకంటే రేపు తగ్గుదలను పట్టిచ్చేది ఆ సున్నాలే. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపులో బడి తరఫున పాల్గొని, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వివరాలు నమోదు చేయవచ్చు.

సంరక్షణ గురించి ఈ దశలోనే మాట్లాడాలి, అంతకుముందు చెబితే అది ఉపన్యాసమే అవుతుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క చెరువును కప్పేస్తే నీటిలోకి వెలుతురు పోక, ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయని పట్టికలోని అంకెల పక్కన పెట్టి వివరించాలి. దసరాకు దర్శనం కోసం పాలపిట్టను పంజరంలో పెట్టి తెస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరమని పండుగ ముందు వారంలో చెప్పాలి. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరికి ఆనుకునే గూళ్లు కట్టి పిల్లలను పెంచుకుంటున్నాయి. వీలైతే అక్కడికి ఒక్కసారి తీసుకెళ్లాలి.

చివరి పని, రాసినదాన్ని ఊరికి అప్పగించడం. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ఊరిలోని మొక్కలు, ప్రాణుల వివరాలు రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ నిర్వహించాలి. పిల్లల పట్టికలను, పటాన్ని, పెద్దలు చెప్పిన మాటలను శుభ్రంగా తిరగరాసి ఒక ప్రతిని పంచాయతీ కార్యాలయంలో ఇచ్చి, రిజిస్టర్‌లో చేర్చమని పిల్లల చేతే అర్జీ పెట్టించాలి. అసలు పుస్తకం బడిలోనే ఉండాలి. జూన్‌లో చేరే కొత్త ఆరో తరగతి వారు చెరువు కట్టకు మొదటిసారి వెళ్లేటప్పుడు దాన్ని వెంట తీసుకెళ్లి, నిరుడు అదే వారం రాసిన పేజీ తెరిచి లెక్క మొదలుపెడతారు.